మొగపేట సైరన్ చెప్పుకున్నది

నేను ఒక సైరన్‌ను. అరవడం నా ఉద్యోగం. మామూలుగా ఎవరైనా గట్టిగా అరిస్తే కసురుకుంటారు. నన్ను మాత్రం అరవడానికే తయారుచేసి, ఎత్తయిన చోట కూర్చోబెట్టి, నేను అరిచినప్పుడల్లా చేతి గడియారాలు సరిచేసుకున్నారు. ఆ మర్యాద వల్ల నాకు చాలాకాలం కొంచెం పొగరు ఉండేది. ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందో చెప్పడానికే ఈ కథ మొదలుపెట్టాను.

నా శరీరం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అటొకటి ఇటొకటి రెండు ఇనప మూతులు, మధ్యన ఒక మోటారు, లోపల గిర్రున తిరిగే రెక్కల చక్రాలు. కరెంటు ఇస్తే రెక్కలు గాలిని లోపలికి లాక్కుని సందుల్లోంచి బయటికి తోస్తాయి. ఆ తోపుడే నా గొంతు. గాలి కలిసొస్తే ఐదు కిలోమీటర్లు వినపడతాను. కరెంటు లేకపోతే పావురాలు కూర్చోవడానికి తప్ప ఎందుకూ కొరగాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరపడుతుంది.

నా మొదటి కొలువు ఒక జూట్ మిల్లులో. రోజుకు మూడు షిఫ్టులు, మూడు కూతలు. పొద్దుటి కూతకు కూలీల ఇళ్లలో ఎసరు పడేది. మధ్యాహ్నం కూతకు బళ్లో మేష్టారు చెబుతున్న మాట సగంలో ఆపేసేవారు. ఆ ఊరి పురోహితుడు ముహూర్తాల విషయంలో తన గడియారాన్ని కాదని నన్ను నమ్మేవాడు. ఇరవై రెండేళ్లు అలా రాజ్యమేలాను. ఒకనాటి ఉదయం ఎవరూ నా మీట నొక్కలేదు. మర్నాడూ నొక్కలేదు. యజమానులకూ కార్మికులకూ చెడి మిల్లు మూతపడిందని నన్ను కిందికి దించేటప్పుడు గానీ తెలియలేదు. మూతపడ్డ మిల్లుకు వేళలతో పనేముంది?

తరవాత ఆరేళ్లు ఒక పాత ఇనప సామాన్ల గోదాములో విరిగిన మగ్గాల కింద పడి ఉన్నాను. అక్కడికొక కాంట్రాక్టరు వచ్చాడు. సముద్రతీరంలో కొత్తగా కట్టిన అణు విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల ఊళ్లకు ఇరవై సైరన్లు సరఫరా చేయాలట. పందొమ్మిది కొత్తవి దొరికాయి. ఇరవయ్యో దాని కోసం వెతుకుతూ నన్ను పట్టుకున్నాడు. నాకు పసుపు రంగు రెండు పూతలు పూయించి, బోల్టులు మార్పించి, ఆ ఏటి తేదీ చెక్కిన రేకు ఒకటి నా పొట్ట మీద బిగించాడు. అంతే, నేను కొత్తదాన్నయిపోయాను. కాగితాల మీద సంతకాలు కూడా పడ్డాయి.

నా గొంతు బాగానే ఉంది గనక నేనేమీ అనలేదు. కానీ ప్రమాదం వస్తే చెప్పవలసిన వస్తువు దగ్గరే ఇంత సర్దుబాటు జరిగిందంటే, లోపల ఉండే పెద్ద పెద్ద సామాన్ల సంగతేమిటా అని ఒక్క క్షణం అనిపించింది. నేను ఇనప ముక్కను. నా అనుమానాలు అడిగేవాళ్లెవరు?

నన్ను మొగపేటలో పెట్టారు. ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గర మూడు వందల గడపల జాలరి పల్లె అది. ఊళ్లోకెల్లా ఎత్తయినది తుఫాను షెల్టరు. దాని మేడ మీద నా గద్దె. ఉత్తరాన నాలుగు కిలోమీటర్ల దూరంలో కేంద్రం తాలూకు తెల్లటి గుమ్మటాలు రెండు కనపడుతుంటాయి. దక్షిణాన పడవలు, వలలు, ఎండు చేపల పందిళ్లు. నాకు కాపలా సూరాడ అసిరమ్మ. యాభై ఏళ్లుంటాయి. షెల్టరు తాళాలు ఆమె దగ్గరే, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల సంఘానికి పెద్ద కూడా ఆమే. ఇల్లు షెల్టరు పక్కనే, మేడ మీంచి చూస్తే ఆమె గుమ్మం నాకు నేరుగా కనపడుతుంది. ఉప్పు గాలికి నాకు తుప్పు పట్టకుండా నెలకోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది. నన్ను తుడవమని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మొగపేటలో నా పొగరుకు మొదటి దెబ్బ ఒక చేట వల్ల తగిలింది. వెదురు చేట! ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. వేటకు వెళ్లిన పడవ రావలసిన వేళకు రాకపోతే, ఆ ఇంటి ఆడది ఒడ్డున నిలబడి చేట తిరగేసి తెడ్డుతో కొడుతుంది. మూడు దెబ్బలు, ఆగడం. మళ్లీ మూడు దెబ్బలు, ఆగడం. అది చెవిన పడితే చాలు, తింటున్నవాడు కంచం వదిలేస్తాడు, స్నానం చేస్తున్నవాడు తడిబట్టతో వస్తాడు. ఎవరిది, ఏమిటి అని ఇంట్లో కూర్చుని అడగరు. ముందు ఒడ్డుకు చేరతారు, తరవాతే ప్రశ్న. పిల్లలు ఆటకు చేట కొడితే వీపు పగిలేది. అసిరమ్మ కూడా ఒకసారి కొట్టింది. నేను రావడానికి పదకొండేళ్ల ముందు. ఆమె మొగుడి పడవ తిరిగి రాలేదు. ఆ తరవాత ఆమె ఇంట్లో చేటను గోడకు తిప్పి తగిలించి ఉంచింది. బియ్యం పళ్లెంలోనే చెరుగుకునేది.

ఐదు కిలోమీటర్లు వినపడే నాకు దక్కని మన్నన, ఆ చేటకు దక్కిందని నాకు కుళ్లుగా ఉండేది. ఎందుకంటే నాకు దక్కింది పులిహోర.

అదెలాగంటే, ఏటా మార్చి నెలలో కేంద్రం వాళ్లు, ప్రమాదం వస్తే ఊరు ఎలా ఖాళీ చేయాలో నేర్పే డ్రిల్లు జరిపేవారు. దాన్ని నడిపే ఇంజినీరు పేరు చక్రధర్. నెమ్మదైన మనిషి, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ముందురోజు ఊళ్లో దండోరా వేయించేవారు. మర్నాడు పది గంటలకు నేను మూడు నిమిషాలు ఏకధాటిగా అరవాలి. అది విని జనం ఇళ్లు ఖాళీ చేసి, వెళ్లేముందు గుమ్మానికి ఒక తెల్లగుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే ఇంట్లో ఎవరూ లేరని గుర్తు, లేకపోతే లోపల ఇంకా మనుషులున్నారని గుర్తు. ఇల్లిల్లూ వెతకనక్కర్లేకుండా ఇదొక ఏర్పాటు. షెల్టరు దగ్గర విషగాలికి కాపుగా తలా ఒక అయోడిన్ మాత్ర ఇస్తారు. అసలు మాత్ర వృథా ఎందుకని డ్రిల్లులో పిప్పరమెంటు బిళ్ల ఇచ్చేవారు. తరవాత బస్సులో పట్నం కాలేజీకి తీసుకెళ్లి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, ఫొటో తీసి, సాయంత్రానికి దింపేసేవారు.

మొగపేటకు ఇంతకన్నా మంచి పండగ లేదు. డ్రిల్లు దగ్గరపడుతోందంటే ఆడవాళ్లు తెల్లగుడ్డలు ఉతికి నీలిమందు పెట్టేవారు. ముసలాళ్లు 'పులిహోర ఎప్పుడర్రా' అని అడిగేవారు. ఏడేళ్లలో ఏడు సార్లు అరిచాను, ఏడు సార్లూ జనం నవ్వుతూ వచ్చారు. చక్రధర్ గారు నూటికి నూరు శాతం అని రాసుకుని సంతోషపడేవారు. భయపెట్టడానికి పుట్టిన గొంతు విని ఊరంతా నోరూరించుకుంటోందని ఆయనకు తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

ఐదో ఏట నా పక్కకు చుట్టాలు వచ్చారు. సంఘం ఆడవాళ్లు చేపల ఫ్రీజరుకూ ఎండబెట్టే గదిలో ఫ్యాన్లకూ అని మేడ మీద ఎనిమిది సోలార్ పలకలు పెట్టించుకున్నారు. బ్యాటరీలు కింది గదిలో. నాకవి నచ్చలేదు. పొద్దస్తమానం నోరు మెదపకుండా ఎండలో పడుకునేవాళ్లను చూస్తే నాలాంటి దానికి చిరాకేగా. ఆ ఏడు డ్రిల్లుకు వచ్చిన చక్రధర్ గారు కూడా వాటిని చూసి నవ్వారు.

"ఏమ్మా అసిరమ్మ గారూ, ఈ అద్దాలతో ఏం వస్తుంది? ఒక ఫ్రీజరు, నాలుగు ఫ్యాన్లు. అక్కడ మా యూనిట్ ఒక్కటి నాలుగు జిల్లాలకు వెలుగిస్తుంది."

"ఇత్తాది బాబూ, కాదనను," అంది అసిరమ్మ నన్ను తుడుస్తూనే. "మరి ఈ అద్దాలకి సైరనెక్కడ ఎట్టాల?"

"దీనికి సైరన్ ఎందుకమ్మా?"

"అదే నానూ అడుగుతున్నాను."

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. మబ్బు పడితే మీ పలకలు పడుకుంటాయి, రాత్రయితే లేవనే లేవవు, ఫ్యాక్టరీలూ రైళ్లూ వీటితో నడవవు అన్నారు. బొగ్గు కాలిస్తే పొగ, మా దగ్గర పొగైనా రాదు అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. అసిరమ్మ అంతా విని, ఫ్రీజరు రాత్రి పూట బ్యాటరీ మీద నడుస్తోందని మాత్రం చెప్పింది. తరవాత ఇంకోటి అడిగింది.

"పొగ నేదు, బాగుంది. మరి మీ పొయ్యిలో బూడిదేటి సేత్తారు?"

"లోపలే నీళ్ల తొట్టెల్లో దాచి ఉంచుతామమ్మా."

"ఎన్నాల్లు?"

"చాలాకాలం."

"నా మనవల దాకానా?"

ఆయన గుమ్మటాల వైపు చూశారు. "ఇంకా చాలా," అన్నారు. "కొన్నింటిని వేల ఏళ్లు."

"అమ్మో! అన్నేళ్లు కాపలా ఎవులు కాత్తారు బాబూ? ఈ సైరన్‌కే ఏడాదికోపాలి నూనె రాయమంటే మీవోల్లకి గురుతుండదు."

చక్రధర్ గారు నావైపు చూశారు.

పలకల విషయంలో ఆడవాళ్లకొక పద్ధతి ఉండేది. సముద్రం రంగు మారితే మగవాళ్లు పడవలను ఎగువ ఇసకలోకి లాగి సరుగుడు చెట్లకు కట్టేస్తారు. అదే వేళకు ఆడవాళ్లు మేడెక్కి పలకల బోల్టులు విప్పి, పాత వలల్లో చుట్టి, షెల్టరు పై గదిలో పడుకోబెట్టేవారు. పడవను కాపాడుకున్నట్టే వీటినీ కాపాడుకోవాలని వాళ్ల లెక్క. పలకలు అమ్మినవాడు అవి తుఫానుకు తట్టుకుంటాయి, విప్పొద్దు అని చెప్పాడు. వాళ్లు చెవిన వేసుకోలేదు. తట్టుకుంటుందని చెప్పినవాడు తుఫాను రోజున ఊళ్లో ఉండడని వాళ్లకు తెలుసు.

ఎనిమిదో ఏడు అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. ఊరంతా షెల్టరులో చేరింది. తెల్లవారుజామున అది మా మీదుగా దాటింది. సరుగుడు తోపు సగం పడిపోయింది. కెరటం ఎగువ ఇసక దాకా వచ్చి, కట్టిన పడవల్లో ముప్పావు వంతు పట్టుకుపోయింది. ఊళ్లో ఒక్క మనిషి ప్రాణం పోలేదు. ఉదయం ఏడింటికల్లా ఆకాశం తేటపడి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. జనం షెల్టరులోంచి వెళ్లి కూలిన ఇళ్లలో సామాన్లు ఏరుకుంటున్నారు. ఎటు చూసినా కరెంటు టవర్లు మోకాళ్ల మీద పడి ఉన్నాయి.

తొమ్మిదిన్నరకు చక్రధర్ గారు వచ్చారు. జీపు లేదు, నడిచే వచ్చారు. మోకాళ్ల దాకా బురద, చేతిలో ఒక గోనెసంచి. మేడ మీద ఉన్న అసిరమ్మ దగ్గరికి ఎక్కి వచ్చి, గోడ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడ్డారు.

"ఊరు ఖాళీ చేయించాలమ్మా. ఇప్పుడే."

"తుఫానెల్లిపోయింది గదా బాబూ."

"తుఫాను కాదు. మాది." ఆయన గుమ్మటాల వైపు చెయ్యి చూపించారు. "రెండు రోజుల ముందే ఆపేశాం. ఆపినా అది వెంటనే చల్లారదు. నీళ్లు తిప్పుతూనే ఉండాలి. తిప్పడానికి కరెంటు కావాలి. బయటి లైన్లన్నీ పడిపోయాయి. ఒక జనరేటరు గదిలోకి సముద్రం వచ్చేసింది. రెండోది తెల్లారకముందే ఆగిపోయింది. బ్యాటరీలు మధ్యాహ్నం దాకా లాగుతాయేమో."

అసిరమ్మ కూలిన టవర్ల వైపు చూసింది. "నాలుగు జిల్లాలకిచ్చేవోల్లకి కరెంటు నేదా?" అంది. ఎగతాళిగా అనలేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

"లేదమ్మా. ఒత్తిడి పెరిగితే లోపలి ఆవిరి బయటికి వదలాలి. వదలకపోతే పగులుతుంది, అది ఇంకా ఘోరం. ఆ ఆవిరిలో విషం ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. మా గాలి కొలిచే స్తంభం విరిగిపోయింది. మీరు చెప్పండి, గాలి ఎప్పుడు తిరుగుతుంది?"

ఏడేళ్లుగా ఆయన ఈ ఊరివాళ్లకు పాఠాలు చెప్పారు. ఆ రోజు మొదటిసారి వాళ్లనొక ప్రశ్న అడిగారు. అసిరమ్మ సముద్రం వైపు తిరిగి, చీర కొంగు వదిలి, అది ఎటు ఎగురుతుందో చూసింది. ఏటి నీళ్ల మీద అలలు చూసింది.

"ఇప్పుడు కొండగాలి, సంద్రం మీదకి పోతంది. పన్నెండు దాకా ఇలాగే. పన్నెండు దాటితే తిరిగి మన మీదకే వత్తాది."

"అయితే పన్నెండు లోపు ఊరు ఖాళీ కావాలి. ఆ లోపు వదిలేలా నేను చూస్తాను. ఆలస్యమైతే మాత్రం గాలి మీ మీదకే తిరుగుతుంది."

అలా నా వంతు వచ్చింది. ముప్పై ఏళ్ల కొలువులో అసలు పని ఇదే. అసిరమ్మ మీట నొక్కింది. నేను అరవలేదు. కరెంటు లేదుగా! నా కోసమని కేంద్రం వాళ్లిచ్చిన చిన్న డీజిల్ జనరేటరు కింద ఉంది. ఏడు డ్రిల్లుల్లోనూ కరెంటు ఉన్నందువల్ల దాన్ని ఎవరూ ఒక్కసారి తిప్పి చూడలేదు. చక్రధర్ గారు తాడు లాగారు. అది రెండు సార్లు దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగితే తాడే చేతికి వచ్చింది. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డారు. అంత సిగ్గు నాకు ఎన్నడూ కలగలేదు. మూడు వందల ఇళ్లు కళ్ల ముందు ఉన్నాయి, గొంతు ఉంది, గొంతులో గాలి లేదు.

అసిరమ్మ మాత్రం అప్పటికే మెట్ల దగ్గర నిలబడి సంఘం ఆడవాళ్లను పేరు పేరునా పిలుస్తోంది. పదహారు మంది వచ్చారు. వలలు విప్పి పలకలు బయటికి తెచ్చారు. బిగించడానికి వేళ లేదు. పిట్టగోడకు ఆనించి, ఎండకు ఎదురుగా, పలకకు ఇద్దరు చొప్పున చేతులతోనే పట్టుకుని నిలబడ్డారు. రాత్రంతా ఫ్రీజరును మోసిన బ్యాటరీలు వట్టిపోయి ఉన్నాయి. అరగంట ఎండ తాగాక ఫ్రీజరు తీగను పీకి నాకు కలిపారు. నేను చుట్టాలు కాదని ముఖం తిప్పుకున్న ఆ ఎనిమిది పలకలే నా గొంతులో ఊపిరి పోశాయి. అప్పుడు టైము పదిన్నర.

నేను అరిచాను. ఎన్నడూ అరవనంత గట్టిగా, ఏకధాటిగా అరిచాను. మేడ మీంచి ఊరంతా కనపడుతోంది. కూలిన పాక ముందు కూర్చున్న ఒక ముసలాయన తలెత్తి నవ్వాడు. ఇద్దరు పిల్లలు గిన్నెలు పట్టుకుని షెల్టరు వైపు పరుగెత్తుకొచ్చారు. "పులిహోరొచ్చింది!" అని ఎవరో కేకేశారు. రెండు రోజులుగా తిండి లేనివాళ్లు, ఆశపడటంలో వాళ్ల తప్పేముంది? మిగతావాళ్లు కదలలేదు. చక్రధర్ గారు కిందికి దిగి, వీధి వెంట వెళుతూ చేతులు జోడించి చెప్పారు. "అలాగే బాబూ, వత్తాం, ఈ కర్రలు ఏరుకుని వత్తాం," అన్నారు నెమ్మదిగా. ఒకడికి మాత్రం కోపం వచ్చింది.

"పడవలు పోయి మేవేడుత్తుంటే ఈయేల డ్రిల్లేటి బాబూ! మీకు వేరే పని నేదా?"

ఏడేళ్లపాటు ఆయనా నేనూ కలిసి నేర్పిన పాఠం అది. నేను అరిస్తే ఏమీ జరగదని వాళ్లకు బాగా వచ్చేసింది. పదకొండు కావస్తోంది. బ్యాటరీ తగ్గి నా గొంతు బొంగురు పోతోంది. ఆయన తిరిగి వచ్చి అసిరమ్మ ముఖంలోకి చూశారు.

అసిరమ్మ మీట మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆమె ఏం చెయ్యబోతోందో నాకు తెలియలేదు. పడవ పోకుండా ఆ మోత మోగించకూడదు. ఆమె బతుకులో ఒక్కసారి మోగించింది, ఫలితం లేకపోయింది. ఆమె కళ్లు మూసుకుని మీట నొక్కి వదిలింది. నొక్కి వదిలింది. నొక్కి వదిలింది. ఆగింది. మళ్లీ మూడు సార్లు. ఆగింది.

నా గొంతులోంచి చేట మోత వచ్చింది.

కర్రలు ఏరుతున్నవాడు కర్రలు పడేశాడు. బిడ్డకు పాలిస్తున్న తల్లి అలాగే లేచింది. తెల్లగుడ్డ కోసం ఒక్కరూ వెతకలేదు, తలుపులు కూడా మూయలేదు. మూడు వందల ఇళ్ల జనం షెల్టరు ముందుకు పరుగున వచ్చి పడ్డారు. ముప్పై ఏళ్ల కొలువులో నేను గడియారాలను తిప్పాను, నోళ్లూరించాను. మనుషులు నా మాట విన్నది మాత్రం ఆ రోజే.

"ఎవుల్దప్పా? ఎవుల్ది పోయింది?" అని అడిగారు కింద నుంచి.

"ఊరే పోతంది," అంది అసిరమ్మ పిట్టగోడ మీంచి వంగి. "బాబు సెప్పింది నిజం. ఉప్పుమడుల గట్టెక్కి పడమటికి నడండి. ఎనక్కి సూడకండి. గాలి తిరిగే నోపల గట్టు అవతల ఎర్రదిబ్బ సేరాల."

గోనెసంచిలోంచి చక్రధర్ గారు తలా ఒక మాత్ర ఇచ్చారు. ఈసారి పిప్పరమెంటు కాదు. చేదుగా ఉందని పిల్లలు ఉమ్మబోతే తల్లులు నోళ్లు మూసి మింగించారు. ముసలాళ్లను మంచాలతో మోశారు. సంచి ఖాళీ కాగానే ఆయన ఉత్తరం వైపు వెనక్కి నడిచారు, గుమ్మటాల వైపే. పలకలు పట్టుకున్న ఆడవాళ్లు వాటిని పిట్టగోడకు వలలతో కట్టేసి ఆఖరున దిగారు. అసిరమ్మ ఒక్కతే మిగిలి, ఊరి చివరి ఇళ్లవాళ్లు కూడా గట్టెక్కే దాకా మీట నొక్కుతూనే ఉంది.

పన్నెండయ్యే వేళకు ఉత్తరాన నిట్టూర్పులాంటి చప్పుడొకటి వినపడింది. చాలాసేపు ఆగలేదు. ఏమీ కనపడలేదు. ఆయన అన్నట్టే రంగు లేదు, వాసన లేదు. అప్పుడు అసిరమ్మ దిగి వెళ్లింది. ఆమె గట్టు మధ్యలో ఉండగా గాలి తిరిగింది. ముందు నా మూతికే తగిలింది. ఆమె ఆకుపచ్చ చీర వెనక్కి ఎగురుతున్నది కాస్తా ముందుకు ఎగరడం చూశాను. ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తే వయసు కాదు.

ఇది జరిగి మూడేళ్లయింది. కేంద్రం పగల్లేదు. సాయంత్రానికి ఎక్కడినుంచో జనరేటర్లు వచ్చాయట. అది గొప్ప సంగతేనని, ఇంకా ఎంతో జరిగి ఉండేదని తరవాత కంచె వేయడానికి వచ్చినవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. మొగపేట చుట్టూ ముళ్లకంచె పడింది. మట్టిలో దిగిన విషం ఎప్పటికి పోతుందో చెప్పలేమన్నారు. నన్నూ ముట్టుకోకూడదట, అందుకే దించలేదు. వలలతో కట్టిన పలకలు అలాగే ఉన్నాయి. రోజూ ఎండ తాగి బ్యాటరీ నింపుతున్నాయి. ఫ్రీజరు తీగను మళ్లీ ఎవరూ కలపలేదు. బతుకులో మొదటిసారి నాకు కరెంటుకు లోటు లేదు.

నాలుగు నెలల కిందట ఇంటికొకరు చొప్పున చూసిపోవడానికి పావుగంట అనుమతి ఇచ్చారు. ఏమీ తీసుకుపోకూడదు. అసిరమ్మ వచ్చింది. ఒళ్లంతా కప్పే తెల్లటి తొడుగు, రొమ్ము మీద విషం కొలిచే ఒక బిళ్ల, వెంట ఒక కొత్త ఆఫీసరు. చిక్కిపోయింది. తిన్నగా మేడెక్కి నా ముందు నిలబడింది. అలవాటు కొద్దీ చెయ్యి చాపితే ఆఫీసరు వద్దన్నాడు. ఆ చెయ్యి గాలిలో ఆగి కిందికి దిగింది.

"చక్రధర్ బాబెలాగున్నాడు?" అని అడిగింది.

"హైదరాబాదులో ఆస్పత్రిలో ఉన్నారమ్మా. ఇంకా ఆస్పత్రిలోనే."

ఆమె తల ఊపింది. కొత్త కాలనీ గురించి తనే చెప్పింది. అది ఎగువ మెట్టలో ఉందట, సముద్రం కనపడదట. ఈ తీరం చేపలంటే కొనేవాళ్లు లేక మగవాళ్లు తాపీ పనులకు వెళుతున్నారట. సంఘం ఆడవాళ్లు అక్కడా పలకలు పెట్టించుకుని మిరపకాయలు, మామిడి ఒరుగులు ఎండబెడుతున్నారట. పక్క కొండ మీద గాలి మరలు నిలబెట్టారని, మబ్బు రోజున, రాత్రి వేళ వాటి కరెంటే వస్తుందని చెప్పింది. ఒకసారి ఒక మర రెక్క విరిగి కింద చేలో పడిందట. చేను గలవాడు తిట్టుకుంటూ దాన్ని పక్కకు లాగేసి మర్నాడు దున్నుకున్నాడట.

"మా కాలనీలో సైరన్ ఎక్కడెట్టాలని ఎవులూ అడగనేదు బాబూ," అంది ఆఫీసరుతో.

అతనికి ఆ మాట అర్థమైనట్టు లేదు. నాకు అర్థమైంది. నేను ఇంత చెప్పింది ఆ ఒక్క మాట కోసమే. మీ ఊరి దగ్గర ఎవరైనా పెద్ద కట్టడమేదో కడుతూ, పక్కనే నాలాంటి దాన్ని కూడా నిలబెడుతుంటే, ముందు మా వైపు చూడండి. మమ్మల్ని ఎందుకు తెచ్చారని అడగండి. పొట్ట మీద రేకు కింద పాత రంగు ఏముందో గీకి చూడండి.

ఇంకా అయిదు నిమిషాలుందనగా ఆమె దిగి తన ఇంటికి వెళ్లింది. లోపలికి పోలేదు. గుమ్మం ముందు నిలబడి, గుప్పిట్లో దాచి తెచ్చుకున్న తెల్లగుడ్డ తీసింది. ఉతికి నీలిమందు పెట్టిన గుడ్డ. దాన్ని గుమ్మానికి కట్టి రెండు ముళ్లు వేసింది.

"ఇప్పుడెందుకమ్మా? ఊళ్లో ఎవరూ లేరు కదా," అన్నాడు ఆఫీసరు.

"ఆనాడు కట్టనేదు బాబూ. గుడ్డ నేకపోతే నోపల మనుసులున్నట్టని మీవోల్లే సెప్పారు."

ఆమె వెళ్లిపోయింది. మధ్యాహ్నం గాలి తిరగగానే ఆ గుడ్డ రోజూ కదులుతుంది. మేడ మీంచి నాకు కనపడే గుడ్డ ఆ ఒక్కటే. మిగిలిన రెండు వందల తొంభై తొమ్మిది గుమ్మాలకు గుడ్డ లేదు. నాకు నేర్పిన లెక్క ప్రకారం అన్ని ఇళ్లలోనూ మనుషులు ఇంకా ఉన్నారు, నేను అరవాలి. కరెంటు ఉంది. నొక్కేవాళ్లు లేరు.